రాత్రంతా ఆగకూడని కెమెరాకు డమ్మీ బ్యాటరీ: ఏడాది వాడకం తరవాత

బ్యాటరీ ఆకారంలోనే ఉండి, లోపల విద్యుత్తును నిల్వ చేసే సెల్ ఏదీ లేని ప్లాస్టిక్ డొల్లను డమ్మీ బ్యాటరీ అంటారు. దాని నుంచి బయటికి వచ్చే తీగను పవర్ బ్యాంకుకు తగిలిస్తే, కెమెరా దాన్ని అసలు బ్యాటరీ అనుకొని పనిచేస్తుంది. నికాన్ జెడ్6 కెమెరాకు సరిపడే ఇటువంటి పరికరాన్ని, కెమెరా తయారీదారు కాక వేరొక సంస్థ తయారుచేసినదాన్ని, ఏడాదికి పైగా నక్షత్రాల టైమ్‌ల్యాప్స్‌లకూ, సాయంత్రం మొదలై తెల్లవారేదాకా సాగే మేఘాల టైమ్‌ల్యాప్స్‌లకూ వాడిన తరవాత ఈ సమీక్ష రాస్తున్నాను. టైమ్‌ల్యాప్స్ అంటే ఒకేచోట నిలిపిన కెమెరాతో నిర్ణీత విరామాల్లో తీసిన ఫొటోలను వరుసగా కలిపి చేసే వీడియో. నా అభిప్రాయం ముందే చెబుతాను. బ్యాటరీ అయిపోతుందన్న దిగులును ఈ పరికరం పూర్తిగా తీర్చింది. కరెంటు ఒక్క క్షణం తెగినా అంతా పోతుందన్న కొత్త దిగులును దాని స్థానంలో తెచ్చిపెట్టింది. ఈ రెండో దిగులును అదుపులో పెట్టుకోగలిగినవారికి ఇది మంచి వస్తువు, లేనివారికి కాదు.

దీని అవసరం ఎందుకు వచ్చిందో ముందు చూడాలి. అద్దం ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) గుండా చూడడానికి విద్యుత్తు ఖర్చు కాదు, ఒక ఫ్రేముకూ మరొక ఫ్రేముకూ మధ్య కెమెరా దాదాపుగా నిద్రలోనే ఉంటుంది. జెడ్6 వంటి, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో అలా కాదు. మెలకువగా ఉన్నంతసేపూ బొమ్మను పట్టే సెన్సర్, దాని వెనక ప్రాసెసర్, తెర లేదా ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ పనిచేస్తూనే ఉంటాయి. జెడ్6కు సీపా (జపాను కెమెరా తయారీదారుల సంఘం) ప్రమాణం ప్రకారం చెప్పే లెక్క, వ్యూఫైండర్ వాడినప్పుడు, ఒక బ్యాటరీకి 310 ఫ్రేములు. ఈ లెక్కను చూసి భయపడేవారూ ఉన్నారు, దీన్నే నమ్మి మోసపోయేవారూ ఉన్నారు. టైమ్‌ల్యాప్స్‌కు మాత్రం ఇది రెండు విధాలా పనికిరాదు. ఆ పరీక్షలో గది ఉష్ణోగ్రత 23 డిగ్రీల దగ్గర ఉంటుంది, 30 సెకన్లకొకసారి ఫొటో తీస్తారు, ప్రతి 10 ఫొటోలకు కెమెరాను ఆపి మళ్లీ వెలిగిస్తారు. మన పనిలో వీటిలో ఏదీ ఇలాగే జరగదు. టైమ్‌ల్యాప్స్‌లో బ్యాటరీని తినేది ప్రధానంగా ఫ్రేముల సంఖ్య కాదు, కెమెరా మెలకువగా ఉన్న సమయం. 5 సెకన్ల విరామంతో తీస్తే 3 గంటల్లోనే 2,160 ఫ్రేములు వస్తాయి, సీపా అంకెను ఎన్నో రెట్లు దాటేస్తాము. అదే నిమిషానికొక ఫ్రేము చొప్పున తీస్తే 310 ఫ్రేములకు 5 గంటల 10 నిమిషాలు కావాలి, తెర వెలుగుతూ ఉంటే ఆ సంఖ్యను చేరకముందే బ్యాటరీ అయిపోవచ్చు. అందువల్ల ఎన్ని ఫ్రేములు వస్తాయని కాక ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు అని అడగడం నేర్చుకోవాలి.

ఆ లెక్క కష్టమైనది కాదు. జెడ్6తో వచ్చే ఈఎన్-ఈఎల్15బీ బ్యాటరీ సామర్థ్యం సుమారు 14 వాట్-అవర్లు, అంటే 14 వాట్లు తీసుకొనే పరికరాన్ని ఒక గంట నడిపేంత. కెమెరా సగటున 3 వాట్లు తీసుకుంటుందని అనుకుంటే 4 గంటల 40 నిమిషాలకు అది ఖాళీ అవుతుంది. పాలపుంత కదలికను, షట్టర్‌ను 25 సెకన్లు తెరిచి ఉంచే ఎక్స్‌పోజర్‌తో, 30 సెకన్లకొకటి చొప్పున 8 గంటలపాటు తీయాలంటే 960 ఫ్రేములు, 24 వాట్-అవర్లు కావాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఇంత శ్రమకూ చేతికి వచ్చేది 40 సెకన్ల వీడియో. ఒక బ్యాటరీ చాలదు, రెండు ఉంటే చాలవచ్చు. అంటే నడిరాత్రి ఒకసారి బ్యాటరీ మార్చక తప్పదు.

మార్చితే ఏమిటి నష్టమని అడగవచ్చు, నేనూ మొదట్లో అదే అనుకున్నాను. చీకట్లో చేతి తొడుగులు తీసి, అడుగున ఉన్న మూత తెరిచి, బ్యాటరీ మార్చి, నిర్ణీత విరామాల్లో ఫొటోలు తీయించే ఇంటర్వెల్ టైమర్‌ను మళ్లీ మొదలుపెట్టడానికి 2 నిమిషాలు పడుతుందనుకుందాం. ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది కాబట్టి ఆ 2 నిమిషాల్లో ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దగ్గరి నక్షత్రాలు అర డిగ్రీ జరుగుతాయి, అంటే దాదాపు నిండు చంద్రుని వెడల్పంత. పోయేది 4 ఫ్రేములే, వీడియోలో సెకనులో ఆరో వంతే. అయినా అప్పటిదాకా నీళ్లలా పారుతున్న ఆకాశం ఆ చోట చటుక్కున తుళ్లిపడుతుంది, చూసేవారి కన్ను దాన్ని వదలదు. అంతకన్నా పెద్ద నష్టం, మూత తెరిచి మూసే ఒత్తిడికి ట్రైపాడ్ మీద కెమెరా వెంట్రుకవాసి కదలడం. ఆకాశంలో గెంతును కొంతవరకు సరిచేయవచ్చు గాని, ముందుభాగంలో ఉన్న చెట్టో కొండో పక్కకు జరిగితే ప్రతి ఫ్రేమునూ కంప్యూటర్‌లో కూర్చొని అమర్చుకోవలసిందే. ఈ కారణంగానే రాత్రంతా తాకనవసరం లేని ఏర్పాటు కోసం వెతికాను.

డమ్మీ బ్యాటరీ కొనకముందు, ఏ ఖర్చూ లేకుండా ఎంత ఆదా చేయవచ్చో చూడడం న్యాయం. ట్రైపాడ్ మీద ఉన్న కెమెరాకు సెన్సర్ కదలికతో చేతి వణుకును సరిచేసే స్థిరీకరణ అవసరం లేదు, దాన్ని ఆపాలి. వైఫై, బ్లూటూత్ ఆపడానికి ఎయిర్‌ప్లేన్ మోడ్ చాలు. ఫోకస్‌ను చేతితో పెట్టి వదిలేయాలి, తీసిన ఫొటోను వెంటనే తెరపై చూపించే సదుపాయాన్ని మాన్పించాలి. సుదీర్ఘ ఎక్స్‌పోజర్‌లో నాయిస్ (ఫొటోలో కనిపించే అనవసరపు చుక్కలు) తగ్గించే సదుపాయం ప్రతి ఫ్రేము తరవాత అంతే నిడివిగల చీకటి ఫ్రేమును తీస్తుంది కాబట్టి అది బ్యాటరీనే కాక విరామాన్ని కూడా మింగేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ ఆదా తెర దగ్గర ఉంటుంది. వ్యూఫైండర్‌కు ప్రాధాన్యమిచ్చే అమరికలో పెడితే వెనక తెర ఆరిపోతుంది, కన్ను దగ్గరికి తెచ్చినప్పుడు మాత్రమే వ్యూఫైండర్ వెలుగుతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మంచు పడుతోందని నేనొకసారి కెమెరా మీద గుడ్డ కప్పి నిశ్చింతగా పడుకున్నాను. ఆ గుడ్డ అంచు వ్యూఫైండర్ పక్కనుండే, కన్ను దగ్గరికి వచ్చిందో లేదో పసిగట్టే సెన్సర్‌కు అడ్డం పడింది, ఎవరో కన్ను పెట్టి చూస్తున్నారని కెమెరా భ్రమించింది, వ్యూఫైండర్ గుడ్డ లోపల ఎవరికీ కనపడకుండా వెలుగుతూనే ఉండిపోయింది. ఆ రాత్రి బ్యాటరీ ముందుగానే ఎందుకు అయిపోయిందో తెల్లవారి గుడ్డ తీశాక గాని తెలియలేదు.

ఈ పొదుపులన్నీ పాటించినా ఒక బ్యాటరీతో రాత్రి గడవదు, అందులో సందేహం లేదు. ఇదే కెమెరాకు నికాన్ తెచ్చిన ఎంబీ-ఎన్10 అనే గ్రిప్‌లో (కెమెరా అడుగున బిగించే అదనపు పిడిలో) రెండు బ్యాటరీలు పడతాయి. నిలువు ఫొటోలకు అదనపు మీటలేవీ లేని ఆ గ్రిప్ కెమెరా బరువునూ ఎత్తునూ పెంచుతుంది, చలిరాత్రి పొడవునా సరిపోతుందన్న భరోసా మాత్రం ఇవ్వదు. దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది నాకు కనపడదు.

ఇక పరికరం సంగతి. డొల్ల కొలతలు అసలు బ్యాటరీకి సరిగ్గా సరిపోయాయి. లోపల పెట్టినప్పుడు వదులుగా ఆడలేదు, గొళ్లెం టక్కున పట్టుకుంది. జెడ్6 బ్యాటరీ మూత దగ్గర తీగ బయటికి రావడానికి చిన్న రబ్బరు తలుపు ఉంది, నికాన్ సొంత డమ్మీ అయిన ఈపీ-5బీ కనెక్టర్ తీగ కూడా అక్కడినుంచే వస్తుంది. మూత పూర్తిగా మూసుకోకపోతే కొన్ని కెమెరాలు వెలగవు కాబట్టి ఆ రబ్బరు తలుపు లేని కెమెరాలవారికి ఇది పెద్ద చిక్కు. నా పరికరం తీగ కొంచెం లావుగా ఉండడంతో రబ్బరు పూర్తిగా మూసుకోదు, ఆ సందులోంచి తేమ పోయే అవకాశం ఉంది. వానలో దీన్ని వాడనని ఇందుకే నిర్ణయించుకున్నాను. కెమెరాను ట్రైపాడ్‌కు తగిలించే ఎల్ ఆకారపు ప్లేటును కెమెరా అడుగుకు బిగించుకునేవారు, అది తీగ దారిని మూసేస్తుందో లేదో కొనడానికి ముందే చూసుకోవాలి. నా ప్లేటు మూసేసింది. చివరికి చిన్న ప్లేటుకు మారవలసి వచ్చింది.

విద్యుత్తు విషయంలో ఈ పరికరం వివేకంగా రూపొందించబడింది. రెండు లిథియం-అయాన్ సెల్స్ వరుసగా ఉండే కెమెరా బ్యాటరీ, నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు ఇస్తుంది. సాధారణ యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే. పాత తరహా డమ్మీలు ఆ 5 వోల్టులను పైకి పెంచి ఇస్తాయి. షట్టర్ కదిలిన క్షణంలో కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజీ కుంగి, కెమెరా ఆరిపోయే ప్రమాదం వాటిలో ఎక్కువ. నేను కొన్నది యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతిలో పవర్ బ్యాంకును 9 వోల్టులు అడిగి తీసుకొని, దాన్ని కిందికి దించి కెమెరాకు అందిస్తుంది. తీగ మధ్యలో ఉన్న చిన్న పెట్టెలో ఈ పని జరుగుతుంది, అది గోరువెచ్చగా అవుతుంది గాని కాలదు. దీన్ని కొనేవారు తమ పవర్ బ్యాంకు మీద 9 వోల్టుల అవుట్‌పుట్ రాసి ఉందో లేదో చదువుకోవాలి. అది లేని బ్యాంకుతో ఈ పరికరం అసలు పనిచేయదు.

పవర్ బ్యాంకు ఎంతది కావాలన్న దగ్గర చాలామంది తప్పుడు లెక్క వేస్తారు. 20,000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్) బ్యాంకును 1,900 ఎంఏహెచ్ కెమెరా బ్యాటరీతో భాగించి పది బ్యాటరీలకు పైగా వచ్చాయని సంతోషిస్తారు. రెండు అంకెలూ వేర్వేరు వోల్టేజీల దగ్గర చెప్పినవి. బ్యాంకు అంకె లోపలి సెల్ వోల్టేజీ దగ్గరిది, అంటే సుమారు 3.7 వోల్టుల దగ్గరిది. వాట్-అవర్లలోకి మారిస్తే ఆ బ్యాంకులో ఉన్నది 74. వోల్టేజీ పెంచడంలోనూ దించడంలోనూ పోయేది తీసేస్తే సుమారు 60 చేతికి వస్తుందనుకోవచ్చు. అంటే నాలుగు బ్యాటరీలకు కొంచెం ఎక్కువ. 24 వాట్-అవర్లు కావలసిన రాత్రికి ఇది పుష్కలం. 10,000 ఎంఏహెచ్ బ్యాంకులో 37 వాట్-అవర్లు ఉంటాయి, నష్టాలు పోగా 30 మిగులుతాయి. లెక్క ప్రకారం సరిపోతుంది గాని చలిలో ఆ చిన్న మిగులును నేను నమ్ముకోను. మరీ పెద్దది కొనాలన్న ఉత్సాహం ఉన్నవారు విమానయానం సంగతి మరవకూడదు: 100 వాట్-అవర్లు దాటిన బ్యాంకుకు విమానయాన సంస్థ అనుమతి కావాలి, ఏ బ్యాంకైనా చేతిసంచిలోనే ఉండాలి.

ఇంతవరకు చెప్పినది చాలావరకు ఈ పరికరానికి అనుకూలమే. ఇక మొదట్లో చెప్పిన రెండో దిగులు. అసలు బ్యాటరీ ఉన్న కెమెరాకు తీగ ఊడినా ఏమీ కాదు, డమ్మీ ఉన్న కెమెరాకు తీగ ఊడితే అదే క్షణంలో ప్రాణం పోతుంది. ఇంటర్వెల్ టైమర్ ఆగిపోతుంది, రాస్తున్న ఫ్రేము చెడిపోతుంది, కార్డులోని ఫైళ్లకు కూడా చేటు జరగవచ్చు. తిరిగి కరెంటు వచ్చినా టైమర్ దానంతటది మొదలుకాదు, ఎవరో లేచి నొక్కాలి. తీగ ఊడకుండా జాగ్రత్త పడడం సులభమే. ట్రైపాడ్ కాలికి వెల్‌క్రో పట్టీతో కట్టి, కెమెరా దగ్గర కొంచెం వదులు ఉంచితే చాలు. అసలు శత్రువు పవర్ బ్యాంకు లోపలే ఉంది.

నేను మోసపోయిన సందర్భం ఇది. రెండు పోర్టులున్న బ్యాంకుకు ఒక పోర్టులో కెమెరా ఉంది, అర్ధరాత్రి ఫోను చార్జింగు తగ్గిందని రెండో పోర్టులో ఫోను తీగ గుచ్చాను. బ్యాంకు రెండు పోర్టులకూ ఎంతెంత ఇవ్వాలో మళ్లీ లెక్క వేసుకోవడానికి ఒక్క క్షణం సరఫరాను ఆపి తిరిగి ఇచ్చింది. ఆ క్షణం ఫోనుకు తెలియనైనా తెలియలేదు, కెమెరా మాత్రం చచ్చి మళ్లీ వెలిగింది. షట్టర్ చప్పుడు రావడం లేదని గమనించేసరికి 20 నిమిషాలు గడిచిపోయాయి. పవర్ డెలివరీ ఉన్న చాలా బహుళ పోర్టుల బ్యాంకులు ఇలాగే ప్రవర్తిస్తాయి, తీగ గుచ్చినా తీసినా అంతే. కెమెరాకు కేటాయించిన బ్యాంకును రాత్రంతా మరి దేనికీ వాడకూడదన్నది ఆనాటినుంచి నాకు నియమం. బ్యాంకును గోడ సాకెట్‌కు తగిలించి, బ్యాంకు నుంచి కెమెరాకు ఇచ్చే ఏర్పాటులోనూ ఇదే ముప్పు ఉంది. గోడ కరెంటు పోయిన క్షణంలో చాలా బ్యాంకులు రెప్పపాటు ఆగుతాయి.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఇబ్బంది ఇంకొకటి. కెమెరా మరీ తక్కువ కరెంటు తీసుకుంటే, దేనికీ తగిలించి లేదనుకొని కొన్ని బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. మనం తెర ఆర్పి, స్థిరీకరణ ఆపి, ఒక్కో మిల్లీవాటూ కూడబెట్టిన ఫలితం ఇదన్నమాట. విరామాలు నిమిషాల్లో ఉండే నిర్మాణ స్థలాల టైమ్‌ల్యాప్స్‌లో, పూలు విచ్చుకోవడం చూపే టైమ్‌ల్యాప్స్‌లో ఇది ఎక్కువగా ఎదురవుతుంది. తక్కువ కరెంటు మోడ్ ఉన్న బ్యాంకును ఎంచుకోవడమే దీనికి సరైన మార్గం. కొత్త బ్యాంకును నేను మొదట ఇంట్లో, బల్ల మీద, రాత్రికి పెట్టబోయే అమరికలతోనే 2 గంటలు నడిపి చూస్తాను. ఆ 2 గంటల్లో ఎన్ని వాట్-అవర్లు ఖర్చయ్యాయో చూపే చిన్న యూఎస్‌బీ మీటరును మధ్యలో పెడితే, పైన నేను అనుకున్న 3 వాట్ల స్థానంలో మీ కెమెరా అసలు అంకె తెలిసిపోతుంది.

మరొక లోపం చిన్నదిగా కనిపిస్తుంది గాని చికాకు పెడుతుంది. డమ్మీ ఎప్పుడూ ఒకే వోల్టేజీ ఇస్తుంది కాబట్టి కెమెరా తెర మీద బ్యాటరీ గుర్తు చివరిదాకా నిండుగానే ఉంటుంది. ఎంత మిగిలిందో చెప్పే మాట బ్యాంకు మీది దీపాలదే, కెమెరాకు ఆ సంగతి తెలియదు, హెచ్చరించదు. నాలుగు దీపాల బ్యాంకు కన్నా శాతం అంకెల్లో చూపే బ్యాంకు ఇందుకే మేలు. ఇక బ్యాటరీతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే కెమెరాలలో చవకరకం డమ్మీని కెమెరా గుర్తించక తిరస్కరించే సందర్భాలు ఉన్నాయి. నా పరికరంలో అటువంటిదేమీ రాలేదు.

చలి విషయంలో మాత్రం డమ్మీకి తిరుగులేదు. చల్లబడేకొద్దీ లిథియం-అయాన్ సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది, కరెంటు లాగినప్పుడు వోల్టేజీ కుంగుతుంది, ఇంకా శక్తి ఉండగానే కెమెరా బ్యాటరీ అయిపోయిందని ఆగిపోతుంది. కెమెరాలో సెల్ లేదు కాబట్టి ఆ బెడద కెమెరా దగ్గర లేదు. బ్యాంకును ఉన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టవచ్చు, ట్రైపాడ్ మీద చలిలో బిగుసుకొనే బ్యాటరీకి ఆ సౌఖ్యం ఉండదు. ఇక్కడ లెన్సు మీద మంచు చేరకుండా కట్టే వేడి పట్టీ ప్రస్తావన తప్పదు. 5 వాట్ల పట్టీ 8 గంటల్లో 40 వాట్-అవర్లు తింటుంది, అంటే కెమెరా కన్నా ఎక్కువ. దాన్ని కూడా ఇదే బ్యాంకుకు తగిలిస్తే బ్యాంకు నిద్రపోదు, నిజమే. కానీ తెల్లవారేలోపు ఖాళీ అవుతుంది. పట్టీకి వేరే బ్యాంకు, అది చవకదైనా సరే.

ఇది ఎవరికి కావాలి? పనిచేస్తూ ఉండగా యూఎస్‌బీ ద్వారా విద్యుత్తు తీసుకోలేని కెమెరా ఉన్నవారికి. జెడ్6 తన పోర్టు ద్వారా బ్యాటరీని చార్జ్ చేస్తుంది గాని కెమెరా ఆపి ఉన్నప్పుడే. 2020లో వచ్చిన జెడ్6 రెండో తరం నుంచి పనిచేస్తూనే తీసుకోగలుగుతోంది. సోనీ ఎ7 మూడో తరంలో ఈ సదుపాయం అమరికల్లోనే ఉంది. అటువంటి కెమెరాలలో అసలు బ్యాటరీ లోపలే ఉంటుంది, తీగ ద్వారా విద్యుత్తు వస్తుంటుంది, తీగ ఊడినా బ్యాంకు రెప్పవాల్చినా బ్యాటరీ ఆదుకుంటుంది. నేను చెప్పుకొచ్చిన దిగుళ్లలో సగానికి సగం అక్కడ ఉండవు. అయినా డమ్మీయే మేలని కొందరు అంటారు, బ్యాటరీ ఏళ్ల తరబడి నిండుగా, వెచ్చగా ఉండి పాడవుతుందని. నెలల తరబడి ఒకేచోట నిలిపే కెమెరాకు ఆ మాట వర్తిస్తుంది, రాత్రి పనికి వర్తించదు.

తయారీదారుకు నేనొక్కటే కోరుతాను: డొల్లలో అంత ఖాళీ చోటు ఉంది కదా, 10 సెకన్లు కెమెరాను నిలబెట్టగల చిన్న సెల్ ఒకటి అందులో పెట్టాలి. అది వచ్చేదాకా ఈ డమ్మీ నా జెడ్6 సంచిలోనే ఉంటుంది, ప్రతి వెన్నెల లేని రాత్రీ బయటికి వస్తుంది. పనిచేస్తూనే యూఎస్‌బీ నుంచి విద్యుత్తు తీసుకొనే నా రెండో కెమెరాకు మాత్రం ఇటువంటిది కొనలేదు, కొనే ఉద్దేశమూ లేదు.